చూడవచ్చేవాళ్ల కోసం ఒక మంచం

మా వైపు జబ్బు మనిషిని చూడటానికి పోవడమంటే చిన్న జాతర. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా పట్టుకుని కారు నిండా దిగుతారు. వాళ్లు వచ్చేసరికి మనిషి మంచంలో ఉండాలి, మెడదాకా దుప్పటి కప్పుకోవాలి, గొంతు నీరసంగా రావాలి. లేచి తిరుగుతూ కనిపిస్తే వచ్చినవాళ్ల మొహాలు చిన్నబోతాయి. ఇంతదూరం పెట్రోలు పోసుకుని వచ్చింది ఇందుకా అనుకుంటారు కాబోలు.

నా పేరు భాగ్యశ్రీ. ఫిజియోథెరపిస్టుని. వికారాబాద్‌లో క్లినిక్కు ఉంది, వారానికి రెండు రోజులు రైలెక్కి తాండూరు పోయి ఇళ్ల దగ్గరే పేషెంట్లను చూస్తాను. అరుణాదేవి గారింటికి పోవడం మొదలుపెట్టింది జూన్‌లో. ఆమెకు యాభై ఆరేళ్లు. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు, కీమో, రేడియేషన్ రెండూ అయిపోయాయి. హైదరాబాద్ డాక్టరు శుభ్రంగా కాగితం మీద రాసి పంపాడు: రోజూ నడవాలి, చేతికి వ్యాయామం కావాలి, కాళ్లలో బలం రావాలి. ఇంట్లోవాళ్లు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును ఫైల్లో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టి తాళం వేశారు. వైద్యం అక్కడితో పూర్తయిందని వాళ్ల నమ్మకం.

నేను పోయిన మొదటి రోజు ఆమె కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోయింది. ఆ తప్పంతా జబ్బుది కాదు. కీమో తర్వాత నీరసం ఉంటుంది, నిజమే. కానీ పడుకునే కొద్దీ అది పెరుగుతుంది తప్ప తగ్గదు. ఐదు నెలలుగా ఆమెను మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. తొడల్లో కండ కరిగిపోయింది, ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దీపావళి లోపల సొంతంగా లేచి నడవకపోతే ఈ మనిషి ఇక మంచానికే అని మొహం మీదే చెప్పాను. కోడలు రచన కళ్లొత్తుకుని, పోయి మంచం మీదికి ఇంకో మెత్త తెచ్చి వేసింది.

అరుణాదేవి గారి భర్త కిష్టయ్య గారికి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, పెద్దేముల్ వైపు కంది చేలున్నాయి. మొదటి రోజు నన్ను మేడం అన్నాడు, స్టీలు గ్లాసులో చాయ్ ఇప్పించాడు. రెండో వారం ఏ ఊరని అడిగాడు. పెద్దేముల్ అన్నాను. ఎవరి పిల్లవన్నాడు. ఎంకయ్య బిడ్డనన్నాను. మా నాన్న వాళ్ల కంది చేలో పదేళ్లు కూలి చేశాడు. ఆ రోజు నుంచి నేను మేడం కాదు, పిల్లను. చాయ్ కూడా కాగితం కప్పులోకి దిగింది. ఆ కప్పును ప్రతిసారీ నిండుగానే కిటికీలో వదిలి వచ్చేదాన్ని.

మొదట్లో ఆమెను లేపి, చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా నడిపించేదాన్ని. నాలుగో రోజునే పరిగి నుంచి ఆయన అక్క ఇంద్రమ్మ యాపిల్ పళ్లతో దిగింది. మంచంలో ఉండాల్సిన మరదలు వీధిలో ఎదురైంది. ఆవిడ మరదలితో ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయి, ఇంట్లో మనుషులే లేరా, ఇట్లాంటి మనిషిని బజారులో తిప్పుతారా అని తమ్ముణ్ని కడిగేసింది. ఆ సాయంత్రమే నాకు కిష్టయ్య గారి తీర్పు వచ్చింది.

"మా ఇజ్జత్ బజార్ల పెడ్తున్నవ్ పిల్లా. ఏం చేపిచ్చినా ఇంట్లనే చేపియ్."

నలుగురు ఏమనుకుంటారోనన్న భయం క్యాన్సర్ భయం కంటే పెద్దది ఆ ఇంట్లో. అయినా నేను చెప్పింది బొత్తిగా పెడచెవిన పెట్టామని అనిపించుకోకూడదు కదా. అందుకని ఒక ఆదివారం ఆమెను గాలి మార్పుకని అనంతగిరి గుట్టకు తీసుకుపోయారు. అద్దాలెత్తి, ఏసీ వేసి, కారులోంచే గుట్టను చూపించి, దించకుండానే వెనక్కి తెచ్చారు. ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి.

ఎవరూ తొంగిచూడని చోటు ఆ ఇంట్లో ఒక్కటే, బాత్రూం. అక్కడ స్టూలు వేశాను. గోడకున్న కడ్డీ పట్టుకుని లేవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. బయటికి స్నానం చప్పుడు వినిపించాలని బకెట్‌లోకి నల్లా తిప్పి పెట్టేవాళ్లం. మొదటి రోజు రెండుసార్లకే ఆమెకు ఆయాసం వచ్చింది. తర్వాత గోడ మీద వేళ్లు పాకిస్తూ ఎడమ చెయ్యి ఎత్తించాను. నేను రాని రోజుల్లో కూడా చెయ్యాలన్నాను, చేసింది. రోజుకు మూడు స్నానాలేమిటని రచన అడిగితే, ఒళ్లు మంటలని చెప్పిందట.

ఆమె మీద కూడా నాకు కోపమే. సొంత ఇంట్లో దొంగలా లేచి నిలబడే మనిషి నోరు తెరిచి ఒక్కమాట అనలేదా అని చిరాకు. ఒకరోజు ఆగలేక అడిగేశాను, అసలు నీకేం కావాలమ్మా అని. ఆమె నల్లాను ఇంకాస్త తిప్పి, గొంతు తగ్గించి చెప్పింది.

"నా వంటింట్లకు నేనే నడిసి పోవాలె. నా చేతులతోని చాయ్ పెట్టుకొని తాగాలె బిడ్డ. ఆరేడు నెలల సంది పాలే తాపుతున్నరు."

ఇంత చిన్న కోరికా అనిపించి నాకు ఒళ్లు మండింది. తర్వాత సిగ్గేసింది.

సెప్టెంబర్‌లో మళ్లీ కిష్టయ్య గారిని పట్టుకున్నాను. ఇంటి వెనక దొడ్లో కాస్త మట్టి చదును చేయించండి, లోపలే నడుస్తుంది, ఎవరి కంటా పడదు అన్నాను. మట్టి అన్న మాట ఆయన చెవికి ఎక్కలేదు. బండల ఫ్యాక్టరీ యజమాని భార్య మట్టిలో నడిస్తే తాండూరు నవ్వదా? అరవై అడుగుల బాట వేయించాడు. ఫ్యాక్టరీలో ఉన్నవాటిలోకెల్లా మంచి బండలు, మొహం చూసుకుని తల దువ్వుకునేంత పాలిష్. జారుతుంది, గరుకు బండ వేయించండి అని మూడుసార్లు చెప్పాను. ముప్పై ఏళ్ల సంది బండలల్లనే బతుకుతున్న, నాకు చెప్తవా అన్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బాట మొదట్లో 'అరుణాదేవి వాకింగ్ ట్రాక్' అని బోర్డు కూడా నిలబెట్టించాడు.

దసరా వెళ్లిన వారానికి ప్రారంభోత్సవం. షామియానా వేశారు, వీడియో తీసేవాణ్ని పిలిచారు, ఇంద్రమ్మతో సహా ముప్పై మంది చుట్టాలొచ్చారు. అరుణాదేవి గారిని పట్టుచీర కట్టించి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. రిబ్బను కూడా కుర్చీలోంచే కత్తిరించింది. ఆమె పేరు మీద వేసిన బాట మీద ఆమె తప్ప అందరూ నడవడానికి సిద్ధమయ్యారు.

వీడియోలో మెరవాలని కిష్టయ్య గారు అంతకు ముందే బండలు కడిగించాడు. కొత్త తోలు చెప్పులు వేసుకుని, కెమెరా వైపు చెయ్యి ఊపుతూ అడుగేశాడు. నాలుగో అడుగుకు కాలు ముందుకు పోయింది, మనిషి వెనక్కి పోయాడు. మడమ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నవ్వు రాలేదని అబద్ధం చెప్పను.

అందరూ ఆయన మీద పడ్డారు. ఎత్తి కారులో వేసుకుపోయారు, మిగతా కార్లన్నీ వెంటబడి ఆసుపత్రికి పోయాయి. అత్తమ్మను లేవనీయకండి మేడం అని రచన నాకు అప్పగించి పోయింది. దొడ్లో నేను, ఆమె, పగిలిన కొబ్బరి చిప్పలు మిగిలాం.

ఆమె గేటు వైపు ఒకసారి చూసింది. పాదాలు వెనక్కి లాక్కుని, ముందుకు వంగి, నేను నేర్పినట్టే లేచి నిలబడింది. ఇప్పుడు నల్లా చప్పుడు లేదు. నేను పట్టుకోబోయి ఆగాను. బాటను వదిలేసి, పక్కనున్న మట్టిలో నడిచింది. ఒక అడుగు వెనకాల ఉండి లెక్కపెట్టాను. వంటింటి గడప దాకా ముప్పై నాలుగు అడుగులు, మధ్యలో గోడకు ఆనుకుని ఒకసారి ఆగింది.

చాయ్‌పత్తా డబ్బా పై అరలో ఉంది. తీసి ఇవ్వాలని నాకు చెయ్యి దురద పెట్టింది. ఆమె ఎడమ చెయ్యి గోడ మీద పాకించినట్టే మెల్లగా ఎత్తి, రెండోసారికి అందుకుంది. వంటింట్లో ఉన్న స్టూలు మీద కూర్చునే చాయ్ కాచింది. రెండు స్టీలు గ్లాసుల్లో పోసి, ఒకటి నా చేతికిచ్చింది. చక్కెర మరీ ఎక్కువైంది. మొత్తం తాగాను.

సాయంత్రానికి కిష్టయ్య గారు మోకాలి దాకా కట్టుతో వచ్చాడు. ఆయన్ని ఆమె మంచంలోనే పడుకోబెట్టారు, ఆ మెత్తల మీదే. ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారట. అప్పటికే వాకిట్లో రెండు కార్లు ఆగాయి, యాపిల్ సంచులు దిగుతున్నాయి. అంత నొప్పిలోనూ ఆయన గుమ్మంలో నిలబడ్డ భార్యను చూసి, ఎవరు లేవనిచ్చారు ఈమెను అని నా మీద అరిచాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె నడిచి మంచం దగ్గరికి పోయింది.

"మీరు పండుకోండ్రి. సూడనీకి వచ్చేటోళ్లకు మంచంల ఎవలో ఒకలు ఉండాలె గద."

అని, దుప్పటి తీసి ఆయనకు మెడదాకా కప్పింది.