ఇంజనీరు గారి చేతిలో దూది

"మొమర్రెద్‌ని బాబాయ్, కట్టు మార్చడానికొచ్చాను" అన్నాడు వగ్దీ, ఆస్పత్రి వార్డులో మంచం పక్కన నిలబడి. మొమర్రెద్ అంటే నర్సు. అలెగ్జాండ్రియాలో ట్రాం నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్న షహాతా బాబాయికి అది మొహందిస్ అని, అంటే ఇంజనీరు అని వినబడింది.

వినబడిందంటే వినబడదూ మరి! ఇద్దరిదీ ఒకటే మేడ. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ముసలాయన అతన్ని "బాష్‌మొహందిస్" అనే పిలిచేవాడు. కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడూ ఆ ఊళ్లో పెద్ద ఇంజనీరు గారే. మొహందిస్ అంటే మొహం చూసి కుర్చీ వేస్తారు, మొమర్రెద్ అంటే మొహం తిప్పుకుంటారు. అందుకని షహాతా కట్టున్న కాలు దుప్పట్లోకి లాక్కుని, తిరగని ఫ్యాను చూపించాడు.

వగ్దీ ఫ్యాను బాగుచేశాడు. కాదనే ఓపిక లేదు. కంప్యూటరు కంపెనీ వాళ్లు ఉద్యోగం తీసేసి ఇంటికి పంపించిన రోజున ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. సిస్టం వదిలి సిస్టర్ల మధ్యకొచ్చి పడ్డాడు. అక్కడ బగ్గులు, ఇక్కడ దగ్గులు. మనుషుల్ని ముట్టుకుంటే లోపల ఏదో ఒకటి కదులుతుందనుకున్నాడు. నర్సింగు చదివాడు, నరాల పేర్లన్నీ బట్టీపట్టాడు, సొంత నరమొక్కటీ పలకలేదు.

ఫ్యాను తిరిగిందో లేదో, వార్డులో వాళ్లంతా మూగబోయిన ఫోన్లు పట్టుకొచ్చారు. షహాతా కాలు మాత్రం దుప్పట్లోనే ఉండిపోయింది. చక్కెర జబ్బుతో మొద్దుబారిన కాలు, వేలు నల్లబడుతున్నా ఆయనకి తెలియడం లేదు. మధ్యాహ్నం డాక్టరొచ్చి వాసన చూసి, ఇప్పుడే శుభ్రం చెయ్యకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని చెప్పి వెళ్లాడు. ఆ పూట వార్డుకి నర్సు వగ్దీ ఒక్కడే.

దుప్పటి పట్టుకోబోతే ముసలాయన రెండు చేతులా అడ్డుపడ్డాడు.

"తప్పు బాష్‌మొహందిస్. మీ అంతటివారి చేత కాళ్లు పట్టించుకున్నానంటే రేపు మేడలో తలెత్తుకోగలనా? నర్సుని పంపించండి."

వగ్దీ గొంతు పెంచి తనే నర్సునన్నాడు. ఇంకా పెంచాడు. వార్డంతా విన్నది, వినాల్సిన మనిషి తప్ప.

సరిగ్గా అప్పుడే కోడిపులుసు గిన్నెతో వచ్చింది వగ్దీ తల్లి నాహెద్, పొరుగాయన్ని పలకరించడానికి. కొడుకు ఆస్పత్రి కంప్యూటర్లన్నీ ఏలుతున్నాడని మేడ మేడంతా చెప్పుకున్న తల్లి. బాల్కనీలోంచి ఏళ్ల తరబడి కేకలేసిన ఆవిడ గొంతొక్కటే షహాతా ఎడమచెవికి ఎక్కుతుంది. ఆ సంగతి వగ్దీకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడ గిన్నె మూత సర్దింది. కంప్యూటర్లతో పాటు సరదాకి ఇది కూడా చూస్తుంటాడని చెప్పనా అని గొణిగింది.

"అలా చెబితే కాలివ్వడు. కాలు పోతుంది."

వగ్దీ గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడం లేదు. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసే ఆవిడకి భయమేసింది. గిన్నె కింద పెట్టి, వంగి, ముసలాయన ఎడమచెవిలో అరిచింది.

"మావాడు నర్సు. నీ కాలు కడగడం వాడి ఉద్యోగం. చాపు."

షహాతా తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. నెమ్మదిగా కాలు చాపాడు.

వగ్దీ కట్టు విప్పాడు. దూది తడిపి వేళ్ల మధ్య తుడిచాడు. నొప్పిగా ఉందా అని సైగ చేస్తే, ఏమీ తెలియడం లేదన్నాడు ముసలాయన. నాకూ అంతేనని అనబోయి, వగ్దీ ఇంకో దూది తీసుకున్నాడు.

ఏమిటీ గొడవని పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. నాహెద్ నడుముకి చేతులానించుకుని వార్డు మధ్యలో నిలబడింది.

"ఏం లేదయ్యా. వీడు నర్సునన్నాడు, ఈయన ఇంజనీరని విన్నాడు. ఊరంతా ఇంజనీరనుకోవడానికి కారణం నేను. చెవుడు ఈయనది, అబద్ధం నాది. ఇక ఫోన్లు లోపల పెట్టుకుని, పుండ్లుంటే చూపించుకోండి."