కండ కరిగిస్తానని నా మీద నింద

నేను ఒక ట్రెడ్‌మిల్‌ని. నా మీద మైళ్ళకు మైళ్ళు నడిచినవాళ్ళు కూడా దిగేసరికి ఎక్కినచోటే ఉంటారు. అయినా చెమట తుడుచుకుంటూ, ఏదో ఊరు జయించి వచ్చినట్టు చుట్టూ చూస్తారు. మనుషుల్లో నాకు బాగా నచ్చే గుణం ఇదే.

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. మోటారు ఒకరు బిగించారు, బెల్టు ఇంకొకరు తొడిగారు. పెట్టె మీద ఏది పైవైపో బాణం గుర్తు వేసి మరీ పంపారు. లారీవాళ్ళు ఆ బాణాన్ని నేలకేసి దించారు. అలా తలకిందులుగా విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరుగారి ఇంటికి చేరాను. డాక్టరు నడవమన్నాడని కొన్నాడాయన. నాలుగు రోజులు నడిచాడు. ఐదో రోజు చుట్టాలింట్లో పెళ్ళి, ఆరో రోజు ఆ పెళ్ళి భోజనం తాలూకు ఆయాసం. ఆ తర్వాత నా చేతుల మీద చీరలు, బెల్టు మీద మినప వడియాలు ఆరబెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు పనిమనిషి దుమ్ము తుడుస్తూ ఏ బటనో నొక్కింది. వడియాలన్నీ వరుసగా కదిలి వెళ్ళి గోడ పక్కన పడ్డాయి. ఆ ఇంట్లో నన్ను శ్రద్ధగా వాడుకున్నవి అవొక్కటే. మర్నాడే నన్ను సెకండ్ హ్యాండ్ కొట్టుకి తోలేశారు.

అక్కణ్ణుంచి రాజాంలోని వీరభీమ వ్యాయామశాలకు వచ్చాను. దాన్ని నడిపేది తవిటినాయుడు మాస్టారు. డంబెల్స్‌తో పాటు కలిపి ఇచ్చేశారు కాబట్టి నన్ను తెచ్చాడు గానీ, నేనంటే ఆయనకు గిట్టదు. నన్నో మూలకు నెట్టించి, కుర్రాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు.

"దాని జోలికెళ్ళకండిరా! పరిగెడితే కండ కరిగిపోద్ది. ఏడాదంతా తిన్న గుడ్లు సెమటైపోతాయి."

ఇంకేముంది, అందరూ నన్నో దెయ్యాన్ని చూసినట్టు చూసేవాళ్ళు. నా చేతులకు తువ్వాళ్ళు వేలాడేవి. చీరల నుంచి తువ్వాళ్ళకు దిగానని మనసు చివుక్కుమనేది.

ఆ వ్యాయామశాలలో అందరికన్నా బాగా కండ పెంచినవాడు ముత్యాలరావు. జూట్ మిల్లులో పని, వయసు ముప్పై ఎనిమిది. జిల్లా దేహదారుఢ్య పోటీలకు తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నాడు. పోయినసారి ఆఖరి నిమిషంలో, పోటీదారులందరూ ఒకేసారి కండలు చూపించే ఘట్టంలో, రొప్పు ముంచుకొచ్చింది. పొట్ట కండ చూపించాలంటే గాలి వదిలేసి పొట్ట బిగబట్టాలి. రొప్పేవాడికి అది కుదరదు. పొట్ట కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతుంటే, మిగతావాళ్ళకన్నా ముందే చేతులు దించేశాడు. న్యాయనిర్ణేత దగ్గరికి పిలిచి, "కండ ఉంది నాయనా, దాన్ని చూపించే ఊపిరే లేదు" అన్నాడట. ఈసారే ఆఖరు అని భార్య నూకరత్నానికి మాట ఇచ్చాడు ముత్యాలరావు. ఆ ఒక్క నిమిషం నిలబడి దిగాలన్నది అతని పట్టుదల.

ఒక ఉదయం వచ్చి నా మీది తువ్వాళ్ళు తీసేశాడు. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. రెండు నెలలు చూడాలి. ఆదివారం ఆదివారం జబ్బ కొలవాలి. అరంగుళం తగ్గితే నేను పాత ఇనుములోకి పోవాలి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మొదటి రెండు రోజులు అతను ఆత్రంలో ముందు నా మీద గంటసేపు పరిగెత్తి, తర్వాత డంబెల్స్ పట్టాడు. అవి లేవలేదు. మూడో రోజు తనకే బుద్ధి తోచి వరస మార్చాడు. ముందు డంబెల్స్, తర్వాత నా ముందువైపు కాస్త ఎత్తు చేసి ఇరవై నిమిషాల వడి నడక. అదీ వారానికి నాలుగు రోజులే. ఇంట్లో నూకరత్నం రోజుకి రెండు గుడ్లూ, ఇంకో గరిటెడు అన్నమూ ఎక్కువ పెట్టసాగింది. నెల తిరిగేసరికి నా మీద నడుస్తూ మిల్లు కబుర్లు చెప్పేవాడు. జబ్బ మాత్రం పదహారు అంగుళాల దగ్గరే కదలకుండా ఉంది. మాస్టారికి లోపల కొంచెం నిరాశగా ఉన్నట్టే తోచింది నాకు.

ఐదో ఆదివారం ఆయనకు ఏదో పెళ్ళికి వెళ్ళే తొందర. "ఇయ్యాల ముందు నడక కానిచ్చీరా, నాను కొలిసేసి ఎల్లిపోతాను" అన్నాడు. ముత్యాలరావు నా మీది నుంచి దిగగానే టేపు చుట్టాడు. పదిహేనున్నర!

"సూసావా? అరంగుళం పోయింది! నాను సెప్పనేదా?"

మాస్టారు పాత ఇనుము బండివాణ్ణి కేకేయమన్నాడు. నాకు మోటారు ఆగినంత పనైంది. నిజం నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. అంతలో గుడ్ల డబ్బా పట్టుకుని నూకరత్నం వచ్చింది. ఆవిడది బట్టలు కుట్టే పని.

"మాస్టారండీ, ఇన్నాళ్ళూ కొలతలు ఎప్పుడు తీసారు?"

"డంబెల్స్ ఎత్తినాక."

"మరి ఇయ్యాల?"

"ఎత్తకముందే. నాకు పెళ్ళుంది కదేటి!"

"ఓలమ్మా! రవికె కొలత ఒకపాలి కూడు తిన్నాక, ఒకపాలి తినకముందు తీస్తే నా కుట్టుమిషన్ కూడా ఆ బండెక్కాల్సిందే. ఎత్తినాక కండ పొంగుద్ది కదా? కొలతెప్పుడూ ఒక్కనాగే తియ్యాల!"

ముప్పై ఏళ్ళుగా జబ్బలు కొలుస్తున్న మాస్టారు టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ముత్యాలరావు డంబెల్స్ ఎత్తాడు. ఈసారి నూకరత్నమే కొలిచింది. పదహారు మీద ఇంకో రెండు గీతలు. బండివాడు విరిగిన బెంచీ ఒకటి వేసుకుని వెళ్ళిపోయాడు. మాస్టారు పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళాడు.

పోటీ విజయనగరంలో జరిగింది. నేను గది దాటను కాబట్టి చూడలేదు. రెండో రోజు ఉదయం ముత్యాలరావు, నూకరత్నం పేపరు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చారు. మొదటి బహుమతి బొబ్బిలి కుర్రాడిది, ముత్యాలరావుది రెండోది. కానీ నూకరత్నం నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఆఖరి నిమిషంలో ఈయన ఒక్క సెకను కూడా పొట్ట వొదల్లేదు మాస్టారూ! ఆ కుర్రాడికి పేరు పిలిసేసరికి కాళ్ళు పీకీసి రొప్పుతూ కూలబడిపోయాడు. ఈయనే ఆడ్ని బుజానికెత్తుకుని బహుమతి మెట్లెక్కించారు."

పేపర్లో ఆ ఫొటో ఉంది. మొదటి బహుమతి వచ్చినవాడు రెండో బహుమతి వచ్చినవాడి భుజం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడి కప్పు కూడా ముత్యాలరావు చేతిలోనే ఉంది. ముత్యాలరావు మాత్రం నోరు మూసుకుని, ముక్కుతో తీరిగ్గా ఊపిరి తీసుకుంటూ, తన ఆఖరి వేదిక మీద నిలబడి నవ్వుతున్నాడు.

ఆ కుర్రాణ్ణి ఎత్తిన బలం డంబెల్స్‌ది. వాటికి దక్కాల్సింది వాటికే దక్కాలి. కానీ ఎత్తుకుని కూడా నవ్వగలిగిన ఆ ఊపిరి మాత్రం నాదే.