బాతుల గోడ

ప్లేస్కూల్లో ఆయా ఉద్యోగం చిట్టికి భర్త పుణ్యమా అని దొరికింది. ఒక పాత ఇంటి కింది అంతస్తును బడిగా మార్చేటప్పుడు వైరింగంతా అతనే చేశాడు. పని నచ్చిన మేడమ్, “మీ ఆవిడ ఖాళీగానే ఉంటుందిగా, పిల్లల్ని చూసుకోడానికి పంపు” అంది. ఖాళీగా అన్న మాటకు చిట్టికి ఒళ్ళు మండింది. కాని నెల తిరిగేసరికి జీతం వచ్చే పని తమ ఇంట్లో అంతవరకు ఎవరికీ లేదు. కిమ్మనకుండా ఒప్పుకుంది.

భర్తది మంచి చేయి. అతను బిగించిన స్విచ్‌బోర్డు గోడతో పాటే పుట్టినట్టుంటుంది. లైసెన్సు మాత్రం లేదు. పరీక్షకు కూర్చున్న ప్రతిసారీ కాగితం మీది లెక్కలు చూడగానే బుర్ర మొద్దుబారిపోయేది. లైసెన్సున్నవాళ్ళు అడిగేదాంట్లో సగానికే చేస్తాడు కనుక పనికి లోటుండేది కాదు. ఎక్కడైనా సంతకం కావలసి వస్తే చిట్టి వాళ్ళ అన్నయ్య ఉన్నాడు. ఆయన లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. వచ్చి ప్రతి బోర్డూ విప్పించి, నాలుగు చీవాట్లు పెట్టి, సరిచేయించి అప్పుడు సంతకం పెట్టేవాడు.

ప్లేస్కూల్‌కి ఆ సంతకం లేకపోతే కుదరదు. ఏసీల కోసం లోడు పెంచుకోవాలంటే కరెంటు ఆఫీసు పర్మిట్ ఇవ్వాలి. పర్మిట్ రావాలంటే లైసెన్సున్న మనిషి, పని తాను చూశానని రాసివ్వాలి. అన్నయ్య వచ్చేసరికి గోడలకు రంగులు కూడా అయిపోయాయి. పిల్లలు పడుకునే గదిలో ఒక గోడ పొడుగునా పసుపు బాతులు వరసకట్టి ఉన్నాయి. చిట్టి కిటికీ అద్దాలు తుడుస్తోంది. అన్నయ్య ఏసీ వంకా, మూల ఉన్న బోర్డు వంకా చూసి అడిగాడు.

“ఈ లైను ఒకే ముక్కగా వచ్చిందా బావా?”

భర్త చేతిలోని టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. “వైరు చాల్లేదు. ఇంకో చుట్ట కొనమంటే మేడమ్ ససేమిరా అంది. నా దగ్గరున్న ముక్క కలిపాను.”

“ఎక్కడ?”

కిటికీ పక్కనున్న బాతును చూపించాడు.

“ఆ ముక్క మిగతా లైనంత మందం ఉందా?”

“కొంచెం సన్నం. గట్టిగానే మెలితిప్పి టేపు చుట్టాను.”

అన్నయ్య ఈసారి తిట్టలేదు. ఏసీ లాగే కరెంటుకు ఆ అతుకు వేడెక్కి అంటుకోవచ్చన్నాడు. గోడ తవ్వి కొత్త లైను లాగితే వైరు తనే తెస్తానని, ఆ మర్నాడే సంతకం పెడతానని చెప్పాడు. భర్త తలూపాడు. ఒప్పుకోనిది మేడమ్. రంగులేసిన గోడ మీద సుత్తి పడటానికి వీల్లేదని, పిల్లల తల్లిదండ్రులకు తేదీ చెప్పేశానని తేల్చేసింది. అన్నయ్య సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక భర్త అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. పరాయివాళ్ళ ముందు బావమరిది తనను దొంగను చేశాడన్నాడు. చిట్టి మొగుడి వైపే నిలబడింది. అప్పటికప్పుడు అన్నయ్యకు ఫోన్ చేసి ఎడాపెడా వాయించేసింది. “సొంత చెల్లెలి ఉద్యోగం అన్నయ్యా. ఒక్క సంతకం పెడితే ఏం అరిగిపోతావు?”

“నేను అరిగిపోయినా ఆ సంతకం అరగదే. అదే నా భయం,” అన్నాడాయన.

మేడమ్ ఎవరినో పట్టుకుంది. అతనికీ లైసెన్సుంది. కారు దిగనైనా దిగలేదు, స్టీరింగ్ మీదే కాగితం పెట్టుకుని సంతకం గీకి వెళ్ళిపోయాడు. పర్మిట్ వచ్చింది, బడి తెరిచారు.

చిట్టికి పిల్లలు ఇట్టే అతుక్కుపోయారు. ఒక పిల్ల ఆమె చీర కొంగు గుప్పిట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. ఒకడు నిద్రలో కాళ్ళతో పక్కవాడిని తన్ని, లేచాక తనే ఏడ్చేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పరుపులు పరవడం ఆమె పని. మేడమ్ చూపించిన ప్రకారం బాతుల గోడ వారనే పరవాలి. మొదటిరోజు అలాగే పరిచింది. పిల్లలు పడుకున్నాక ఆమె చూపు కిటికీ పక్కనున్న బాతు మీదికి పోయింది. ఇక అక్కణ్ణించి కదల్లేదు.

రెండోరోజు నుంచి పరుపులన్నీ తలుపు వైపుకు లాగింది. పిల్లలు కునుకు తీస్తుంటే లేచి వెళ్ళి గోడ మీద అరచేయి పెట్టి చూసేది. ఎండలు ముదిరాయి, ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఒకనాడు అక్కడ గోరువెచ్చగా తగిలింది. పక్కన పెట్టి చూసింది, చల్లగా ఉంది. మళ్ళీ పెట్టింది. భ్రమేనని సర్దిచెప్పుకోబోయింది గాని గుండె దడ తగ్గలేదు. ఏసీ ఆపేసింది. చెమటలకు పిల్లలు లేచి ఏడుపందుకున్నారు. సాయంత్రం తల్లిదండ్రులు అడిగారు. మేడమ్ రిమోట్ తన గదిలో పెట్టుకుంది, పరుపులు మళ్ళీ గోడ వారకు జరిపించింది.

భర్తకు చెబితే, మాట తప్పించాడు. అంత లోడు పడదులెమ్మన్నాడు. మళ్ళీ అడిగితే ఇక నిద్రపోనివ్వవా అని అటు తిరిగాడు. కాని నిద్రపోలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు.

మర్నాడు పరుపులు పరవకుండా ఆమె నేరుగా మేడమ్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ విని, కోప్పడలేదు. పెద్ద సంతకమున్న కాగితం గోడకు తగిలించి ఉందని, భయమైతే ఇంట్లో ఉండొచ్చని మెత్తగా చెప్పింది.

చిట్టి అక్కణ్ణించి అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అడిగింది.

“ఆఫీసులో చెబితే బావ పేరు బయటికొస్తుంది. నీ సంసారంలో నేనెలా నిప్పులు పోసేదే?”

“వాళ్ళు పడుకునేది ఆ గోడ పక్కనే అన్నయ్యా.”

ఇద్దరూ కలిసి కరెంటు ఆఫీసుకు వెళ్ళారు. వైరింగ్ చేసిందెవరని ఇన్‌స్పెక్టర్ అడిగితే అన్నయ్య చిట్టి వంక చూశాడు. చిట్టే చెప్పింది, నా భర్తేనని.

ఇన్‌స్పెక్టర్ వెంటనే వచ్చాడు. పిల్లల్ని బయటి వసారాలో కూర్చోబెట్టి గోడ తవ్వించాడు. పెచ్చులు ఊడి పడ్డాక టేపు కనిపించింది. నల్లగా, కరకరలాడేలా మాడిపోయి, వేలు తగలగానే పొడి రాలింది. లోపల రాగి తీగ రంగు మారిపోయింది. మేడమ్ గబగబా వసారాలోకి వెళ్ళి ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుంది.

బడి కొన్నాళ్ళు మూతపడింది. కారు దిగకుండా సంతకం గీకినవాడి లైసెన్సు ఆపేశారు. భర్తకు జరిమానా పడింది, కొంతకాలం దాకా పరీక్షకు కూర్చోకూడదన్నారు. మళ్ళీ తెరిచినప్పుడు మేడమ్ చిట్టిని పిలవలేదు. కొంగు పట్టుకుని పడుకునే పిల్ల ఇప్పుడెవరి కొంగు పట్టుకుంటోందో అని చిట్టి మధ్యాహ్నాలు తలుచుకునేది.

భర్త ఆమెతో మాటలు మానేశాడు. కంచం పెడితే తినేవాడు, ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. పేరు బయటపడ్డాక చాటుమాటు పనులకు పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. చివరికి అన్నయ్యే వచ్చి తన కింద పనిచేయమన్నాడు. మరో దారి లేక వెళ్ళాడు. ఇన్నాళ్ళూ తన పనికి తనే యజమాని. ఇప్పుడు బావమరిది చూసి సరేనంటే తప్ప గోడ మూయడానికి లేదు.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ అటు తిరిగే అన్నాడు.

“నువ్వు పోకపోతే నేనే పోయి చెప్పేవాణ్ణి. రేపో మాపో.”

చిట్టి తువ్వాలు అందించింది. అతను చెప్పేది నిజమో కాదో ఆమెకు తెలియదు, అతనికీ తెలియదేమో అనిపించింది.

“అన్నం పెట్టనా?” అంది.

“పెట్టు. నువ్వూ కూర్చో,” అన్నాడు.