పన్నెండు బుటాల లెక్క

"ఆ కాయితం పక్కన పెట్టి జర చాయ్ పొయ్యవే పిల్లా, మనుషులొచ్చి కూసున్నరు," అన్నది అత్త నాగేంద్రమ్మ. జములమ్మ లెక్క మధ్యలో లేచింది. చాయ్ పోసి, గ్లాసులు కడిగి, చేతులు కొంగుకు తుడుచుకుని మళ్లీ కూర్చునేసరికి ఎక్కడ ఆపిందో గుర్తు లేదు. లెక్క తప్పింది.

చీర ఒంటికి రెండువేల నాలుగు వందల పోగులు. ఒక్కో పువ్వు బుటాకు అరవై పోగుల చొప్పున అడ్డంగా పన్నెండు బుటాలు. బుటాకూ బుటాకూ నడుమ నూట నలభై పోగులు వదలాలి, రెండు చివర్లా మాత్రం అందులో సగమే. ఆ సగం సంగతి చాయ్‌లో కలిసిపోయింది. మగ్గానికి తాళ్లన్నీ కట్టి నేత మొదలుపెట్టాక చూస్తే ఏముంది, ఒక పక్క బోసి జాగా, రెండో పక్క చివరి బుటా పోయి పట్టు అంచుకు అతుక్కుంది. ఆ తాళ్లు విప్పి మళ్లీ కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. చీర నేయించే సావుకారి వచ్చి వీధంతా వినేటట్టు అరిచిపోయాడు. ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డ బాలరాజు, ఆయన వీధి మలుపు తిరగగానే తల ఎత్తి పెళ్లాంతో ఒకే మాట అన్నాడు. "ఆడిదాని లెక్క గిట్లనే ఉంటది."

గద్వాల నేతగాళ్ల వీధిలో ఆయనకు లెక్కల బాలరాజు అని పేరు. కొత్త డిజైను వస్తే నలుగురూ ఆయన అరుగు మీదికే వస్తారు. ఆయన కళ్లు మూసుకుని గడ్డం గోక్కుంటాడు. దర్వాజ వెనక కండెలు చుట్టుకుంటూ జములమ్మ మెల్లగా అంకె చెబుతుంది. ఆయన దాన్నే గట్టిగా చెబుతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. పెళ్లయిన కొత్తలో మొగుడు నలుగురిలో చిన్నబోకూడదని తనే మొదలుపెట్టింది. మొగోడి పరువు కుక్కిమంచం లాంటిది. ఎంత బిగించినా మళ్లీ కుంగుతుంది, బిగించే చేతులు మాత్రం ఎప్పుడూ ఆడదానివే. లెక్క సరిగ్గా వస్తే బాలరాజుది. తప్పితే ఆడిదానిది.

వనపర్తిలో పాలిటెక్నిక్ చదివే కూతురు రమ్యకు మాత్రం సంగతి తెలుసు. "క్యాలిక్యులేటర్ తీరు, జేబుల పట్టే కంప్యూటర్లు ఉంటయే అమ్మా," అంది పండక్కి వచ్చినప్పుడు. "లెక్క ఎట్ల చెయ్యాలెనో ఒక్కసారి ఎక్కిస్తే చాలు. పోగులెన్ని, బుటాలెన్ని అని అదే అడుగుతది. నువ్వు నడుమ లేచి ఊరందరికి చాయ్ పోసొచ్చినా అది మరిచిపోదు." ఆ పని ఫోనులోనూ అవుతుంది గానీ, ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను బాలరాజు జేబు దాటదు. అందుకే జములమ్మ ఆ యంత్రం కావాలని అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "నేనూ వస్త. నీకేం తెలుస్తది?"

పాత బస్టాండు దగ్గర ముజీబ్ దుకాణంలో అప్పటికే వాళ్ల వీధి సాయన్న ఉన్నాడు, ఆధార్ కార్డు జిరాక్సు కోసం.

"పరీక్షకా అన్నా?" అన్నాడు ముజీబ్, వాళ్లు అడిగింది విని. "లెక్కలెక్కిచ్చేటియి పరీక్షల రానియ్యరు. తర్వాత నన్ననొద్దు."

"పరీక్ష లేదు గిరీక్ష లేదు. నాకే. మగ్గం లెక్కలకు," అన్నాడు బాలరాజు.

"లెక్కల బాలరాజుకు మిషిని ఎందుకురా? మిషినికే నువ్వు నేర్పాలె," అని సాయన్న నవ్వాడు. బాలరాజు మీసం సవరించుకున్నాడు.

ముజీబ్ మూడు తీసి అద్దాల బల్ల మీద పరిచాడు. ఒకటి అరచేతికి సరిపోయే చవకది. ఒకటి మధ్యరకం. మూడోది చిన్న టైపు మిషనులా ఒంటినిండా అక్షరాల బటన్లతో, చవకదానికి నాలుగింతల ధర. "మీ లెక్క ఎంతుంటదో చెప్పన్నా. చిన్నదైతే ఈ చవకదే చాలు, పెద్దదైతే దీంట్ల పట్టదు. ఊకె పైసలు పారేసుకునుడెందుకు?"

బాలరాజు చవకదాన్ని తిప్పి వెనక్కి చూశాడు. "ఏముంది... పోగులు, బుటాలు. భాగించుడే."

"ఏది దేంతోని?"

బాలరాజు అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని గడ్డం గోక్కున్నాడు.

జములమ్మ పెదవులు కదిలాయి. ఇక్కడ దర్వాజ లేదు, చాటు లేదు, అయినా గొంతులో అంకె వచ్చి కూర్చుంది. ఒళ్లంతా సిగ్గు కమ్మింది. తెలియనిది ఆయనకు, తల వంగుతున్నది తనది. ఎందుకు? దొంగతనం చేసి పట్టుబడ్డట్టు ఈ చెమట తనకెందుకు? ఇన్నేళ్లూ వెనక నుంచి అందించి అందించి ఈ మనిషిని ఇలా వట్టి చేతులతో బజార్లో నిలబెట్టింది తను కాదూ? ఆయన అబద్ధం ఆడలేదు, తను ఆడించింది. పైగా ఇప్పుడు కూడా, ఆయన చెవి ఎంత దూరంలో ఉందా అని చూస్తోంది తను. ఒక్క అడుగు పక్కకు జరిగితే అందుతుంది. ఆ అడుగు వేయబోయిన తన కాలిని చూసుకుంటే మరీ సిగ్గయింది.

"ఏంది మాస్టారూ, యాదికొస్తలేదా?" అన్నాడు సాయన్న.

బాలరాజు కళ్లు తెరిచాడు. "పొద్దుగాల సంది తలకాయ నొస్తుంది. దాన్ని అడుగు ముజీబ్. నేను చెప్తుంటే విని విని నేర్చుకుంది."

ముజీబ్ ఆమె వైపు తిరిగాడు. "చెప్పు అక్కా."

"మొత్తం పోగులల్ల నుంచి బుటాల పోగులు తీసెయ్యాలె," అంది. "మిగిలింది ఎన్ని బుటాలో అన్నిట్ల భాగించాలె. అది నడుమ జాగ. దాంట్ల సగం ఈ చివర, సగం ఆ చివర."

ముజీబ్ యంత్రం ఆమె ముందుకు జరిపి ఏ బటను తర్వాత ఏదో చూపించాడు. ఆమె ఒకసారి తుడిచేసి మళ్లీ నొక్కింది. నూట నలభై, డెబ్బై అని తేలింది.

"భలే నేర్పినవ్ రా బాలరాజూ!" అన్నాడు సాయన్న. "నిజంగ నీ మొగుడే నేర్పిండా చెల్లె?"

అవునంటే అయిపోతుంది. ఇంటికి పోయాక రాద్ధాంతం ఉండదు, రేపు అరుగు మీద మళ్లీ ఆయన, దర్వాజ వెనక మళ్లీ తను. 'అవునన్నా' అనే మాట నాలుక చివరికి ఎంత సుళువుగా వచ్చిందంటే, ఆ సుళువుకే ఆమెకు రోత పుట్టింది. సిగ్గు తగ్గాక చెబుదామనుకుంటే ఈ జన్మకు చెప్పడం కాదు.

"లేదన్నా. ఆయనకు ఈ లెక్క రాదు. ఇరవై ఏండ్ల సంది దర్వాజ ఎనక నుంచి చెప్తున్నది నేనే. మొన్న తప్పింది గూడ నేనే."

సాయన్న నవ్వు సగంలో ఆగింది. బాలరాజు దుకాణం మెట్లు దిగిపోయాడు. జములమ్మ చెవులు కాలిపోతున్నాయి. తల ఎత్తలేక బల్ల మీది మూడు యంత్రాల వైపే చూస్తూ చెయ్యి చాచింది.

"చవకదే ఇయ్యి తమ్ముడూ. లెక్క చిన్నదే."