ఫోటోలో క్లాసు

"అమ్మా, నీలం చొక్కా ఇస్త్రీ చేశావా? ఇవాళ ఫోటోలున్నాయి" అన్నాడు నా కొడుకు, అద్దం ముందు నుంచి కదలకుండానే.

చేశాను. చేతులు వణుకుతున్నా కాలర్ దగ్గర నా ఇస్త్రీకి ఇప్పటికీ తిరుగులేదు. పక్కన నా కోడలు నిన్నటి చీరే చుట్టుకుని, నోట్లో పిన్నీసు పట్టుకుని, ఇద్దరి డబ్బాలూ సర్దుతోంది. వాడు ఆ చీర వంక చూసి, "నువ్వు ఫోటోలో ఉండవుగా, ఫరవాలేదులే" అన్నాడు. పరాచికం అనుకున్నాడు పాపం. నాకు మాత్రం ఆ ఇస్త్రీపెట్టె తీసి వాడి వీపు మీద ఆనించాలనిపించింది.

ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు. వాడు ఆ శాఖకు పెద్ద. నేను మూడో తరగతి దాటినదాన్ని కాదు. నాకు అర్థమైంది ఇంతే: కొన్నేళ్ళకొకసారి పైనుంచి ఒక కమిటీ వస్తుంది, చదువు నాణ్యంగా చెబుతున్నారా, పిల్లలు గట్టెక్కుతున్నారా అని చూసి గ్రేడు ఇచ్చిపోతుంది. మంచిదే, అడిగేవాళ్ళుండాలి. కానీ ఆ అడిగేవాళ్ళకు చూపించే చాకిరీ అంతా ఎవరి నెత్తిన పడింది? "ఆడవాళ్ళకి ఓపికెక్కువ, నీట్‌గా చేస్తారు" అంటూ ఫైళ్ళన్నీ నా కోడలికే అంటగట్టారు. ఓపిక మాకేం పుట్టుకతో రాదు, వేరే దారి లేక వస్తుంది.

అప్పటిదాకా పొద్దున్నే, అసలు తరగతులు మొదలవకముందే, వరండా చివరి చిన్న గదిలో పరీక్ష తప్పిన పిల్లలకు ఆమె విడిగా చెప్పేది. ఎవరూ చెప్పమనలేదు, దానికి జీతమూ లేదు. వాళ్ళలో ఒకమ్మాయి సందేహాలకని మా ఇంటికీ వచ్చేది. "అయితే మేడమ్..." అననిదే దాని నోట ప్రశ్న రాదు. అందుకే దానికి 'అయితే పిల్ల' అని పేరు పెట్టాను. ఈసారి కూడా లెక్కలు పోతే చదువు మాన్పిస్తామని వాళ్ళన్నయ్యలు తేల్చేశారట. అందులో ఒకడు అవే లెక్కల్లో మళ్ళీ మళ్ళీ తప్పి గట్టెక్కినవాడే. మగపిల్లాడు గదా, దాన్ని పట్టుదల అన్నారు.

ఫైళ్ళకు చోటు కావలసి వచ్చేసరికి అంత యూనివర్సిటీలో వాళ్ళకి ఆ చిన్న గదే కనబడింది. "కమిటీ వెళ్ళేదాకా నీ క్లాసు ఆపు" అన్నాడు నా కొడుకు. ఆపింది.

ఫోటోల రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడప మీద కూలబడింది.

"ఏమైందే అమ్మాయ్?"

"ఫోటో తీశారత్తయ్యా. నా క్లాసు ఫోటో. 'వెనకబడిన విద్యార్థులకు ప్రత్యేక తరగతి' అని బ్యానరు. కట్టింది నేనే. బల్లల్లో మాత్రం ఫస్టు మార్కులొచ్చే పిల్లల్ని కూర్చోబెట్టారు, రేపు కమిటీ వచ్చి ఏమడిగినా గడగడా చెబుతారని. అసలు పిల్లల్ని కమిటీ ఉన్నన్నాళ్ళూ రావద్దన్నారు. ఆ మాట నాచేతే చెప్పించారు."

"మరి బోర్డు దగ్గర నువ్వున్నావా?"

నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఏడ్చినా బాగుండేదనిపించింది. "మీరు ఇస్త్రీ చేసిన చొక్కా ఉందత్తయ్యా. సుద్దముక్క నేను అందించాను."

నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో ఇంటికి చుట్టాలొచ్చి "వంట అమృతం" అంటే మా అత్తగారు కొంగు సర్దుకుని "ఏదో, నా చేతి రుచి" అనేది. పొయ్యి దగ్గర పొగ నాది, హాల్లో పొగడ్త ఆవిడది. తలుపు వెనక నిలబడి నేను వింటుంటే, మంచినీళ్ళకని లోపలికొచ్చిన మా ఆయన "పోనీలే, అమ్మ సంతోషపడుతోంది" అన్నారు. పోనీలే పోనీలే అంటూనే నా వయసంతా పోయింది. అయినా అక్కడ పేరు నాది కాకపోయినా, వచ్చినవాళ్ళ కడుపన్నా నిండింది. ఇక్కడో? నా కోడలి పేరూ పోయె, ఆ పిల్లల నోటి దగ్గర కూడూ పోయె. ఖాళీ విస్తరి ఫోటో చూసి భోజనం బ్రహ్మాండం అన్నట్టుంది!

అన్నారు కూడా. ఆ ప్రత్యేక తరగతిని మరీ మరీ మెచ్చుకుని కమిటీ పై గ్రేడు ఇచ్చిపోయింది. నా కొడుకు పూలగుత్తితో ఇంటికొచ్చాడు.

మర్నాడే 'అయితే పిల్ల' గేటు దగ్గర నిలబడింది. "పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. అయితే మేడమ్, రేపట్నుంచి క్లాసుంటుందా?"

కోడలు నోరు తెరిచేలోపే సోఫాలోంచి వీడి గొంతు లేచింది. "ఇంకెందుకమ్మా, గ్రేడు వచ్చేసిందిగా! ఆ గదిలో ఫైళ్ళున్నాయి, మళ్ళీ తనిఖీ దాకా కదపకూడదు." అని, ఫోన్లోంచి తల ఎత్తకుండానే పెళ్ళాంతో, "అన్నట్టు ఆదివారం మన డిపార్ట్‌మెంట్ అందరికీ భోజనాలు ఇక్కడే. నీ వంటంటే పడి చస్తారు" అన్నాడు.

ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. నా కోడలు చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వెళ్ళి దాని చెవిలో ఏదో చెప్పి వచ్చింది.

"అత్తయ్యా, సోఫాలు గోడకి జరిపితే హాల్లో ఎంతమంది పడతారు?"

"భోజనాలకా?"

"కాదు."

ఆమె కళ్ళల్లోకి చూశాను. సంగతి బోధపడింది. "జరపడమెందుకే, బయట పడేద్దాం. ఇంకో నలుగురు పడతారు" అన్నాను.

ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. హాలు నిండా పిల్లలు. బోర్డు లేకపోతేనేం, బీరువా తలుపు మీద సుద్దతో లెక్కలు. నిన్నటి చీరలోనే నా కోడలు, ఎంత కళగా ఉందో! మధ్యాహ్నం నా కొడుకు తన పరివారాన్ని వెంటేసుకుని వచ్చి, గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

"అమ్మా, ఏంటిదంతా? వంటేదీ?" పళ్ళు బిగబట్టి అడిగాడు.

లోపల్నుంచి "అయితే మేడమ్, ఇది ఇలా ఎందుకు రాలేదు?" అని వినిపించింది. ఎన్నో ఏళ్ళు తలుపు వెనక నిలబడినదాన్ని, ఆ రోజు తలుపు బార్లా తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"గట్టిగా అరవకు నాయనా, పాఠం జరుగుతోంది. చెప్పులు విప్పి అందరూ వెనకాల సర్దుక్కూర్చోండి. మీకు గ్రేడు తెచ్చిపెట్టిన క్లాసు ఇదే, మీరింకా చూళ్ళేదుగా."