ఖాళీ ఆకాశంలో గీత

నక్షత్రమే లేని ఖాళీ ఆకాశంలో వాయువు కనిపించింది.

కొండ కింది కంట్రోల్ గదిలో యస్నా టీ కప్పు పక్కన పెట్టి తెరకు దగ్గరగా జరిగింది. చిలీలోని అటకామా ఎడారిలో, ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న రేడియో యాంటెన్నాలు మూడు వారాలుగా ఒక పసి నక్షత్రం చుట్టూ తిరిగే దుమ్ము పళ్లేన్ని చూస్తున్నాయి. ఆ పళ్లెంలో నల్లటి సందు ఒకటుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు, తెర మీది తరంగాల పట్టీలో సన్నటి గీతలా మెరిసింది. అక్కడ గ్రహం పుడుతోందని యస్నా వ్యాసం రాసేసింది. రేపు పంపాలి. పరీక్ష కోసం ఇవాళ యాంటెన్నాలను పక్కకు తిప్పి చూస్తే, అక్కడా అదే గీత.

"ఎవరో నా డేటాలో వేలు పెట్టారు," అంది.

ఎదుటి కుర్చీలో తోటి శాస్త్రవేత్త వ్లాదిమిర్ రొట్టె మీద అవకాడో రాసుకుంటున్నాడు. ఇదే నక్షత్రాన్ని చూడటానికి అతనూ సమయం అడిగాడు. ఇవ్వలేదు.

"నా వైపు చూస్తావేం? నీ గ్రహాన్ని కొట్టేసి ఎక్కడ దాచుకోను, జేబులోనా?"

"నేను కాక ఆ ఫైళ్లు తెరిచేది నువ్వొక్కడివే."

"తెరుస్తాను. గీతలు గీయను. ముందు టైము చూడు, డాక్టరమ్మా."

చూసింది. గీత కనిపించింది ప్రతిసారీ పగలు పదకొండు దాటాకే. అదీ రోడ్డు పక్కనున్న మూడు యాంటెన్నాల్లోనే. ఆ వేళకు వ్లాదిమిర్ ఎప్పుడూ కింద, ఈ కుర్చీలోనే ఉంటాడు.

గేటు రిజిస్టర్ తెప్పించింది. ఆ సమయానికి పైకి వెళ్లేది ఒకే బండి, ఆక్సిజన్ సిలిండర్లు మోసే కొత్త పికప్. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కీచుమనే రాడార్ దానికుంది. ఆ రాడార్ తరంగాల పౌనఃపున్యానికి మూడు రెట్లు కడితే సరిగ్గా ఆమె గీత దగ్గర తేలింది. గేటు దగ్గర రాడార్ ఆపాలని నియమం. ఆపినట్టు రోజూ డ్రైవర్ లిబోరియో సంతకం ఉంది. పదేళ్లుగా అందరికీ బాబాయ్ ఆయన.

యస్నా రిజిస్టర్ పట్టుకుని బండ్ల షెడ్డుకు వెళ్లింది.

"రాడార్ ఆపుతున్నావా బాబాయ్?"

"ఆపకపోతే గేటు దాటనిస్తారా?"

"అయితే నిన్నటి తేదీ ఎదురుగా ఏం రాసుందో చదువు."

ఆయన పుస్తకాన్ని చాచి పట్టుకున్నాడు. ఎండ వైపు తిప్పాడు. మళ్లీ దగ్గరకు తెచ్చుకున్నాడు.

"కళ్లద్దాలు మర్చిపోయానమ్మా."

"నీకు కళ్లద్దాలు ఎప్పుడున్నాయి?"

లిబోరియో పుస్తకాన్ని బానెట్ మీద పెట్టాడు.

"ఆపలేదు. ఒక్కరోజూ ఆపలేదు. ఏడాదిగా కళ్లు మసక. పైన ఎండ తెల్లగా కొడితే రోడ్డేదో, దానికి అడ్డొచ్చే విక్యూనా జంతువుల మందేదో తెలీదు. అది కీచుమంటే బ్రేకు తొక్కుతాను. చెబితే ఆ రోజే కొండ దింపేస్తారు. నీ గ్రహాన్ని చెడగొట్టింది నేనే, రాసుకో. సంతకం పెడతాను. ఎక్కడ పెట్టాలో మాత్రం చెయ్యి పట్టి చూపించు."