బుర్మకాన్ రాసిన అర్జీ

తొలొముష్ తాగుతున్నాడని ఊళ్లో మొదట ఎవరన్నారో గానీ, ఆ మాటను కాగితం మీద పెట్టింది మాత్రం అతని భార్య బుర్మకానే.

ఊరు ఊరంతా పాదరసం గని మీదే బతుకుతోంది. ఎర్రరాయిని కాల్చి, ఆ ఆవిరిని చల్లార్చి పాదరసం దింపే కొలిమి దగ్గర తొలొముష్ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఒకప్పుడు నలుగురిలో కూర్చున్నాడంటే నవ్వులే నవ్వులు. అలాంటి మనిషి రెండేళ్లుగా గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, లోపలి గదిలోకి తప్పుకుంటున్నాడు. సూపులో ఉప్పెక్కువైందని గిన్నె విసిరికొట్టి, కాసేపటికి తలుపు వెనక నిలబడి ఏడుస్తాడు. చిగుళ్ల వెంట నెత్తురు. చేతులు ఒకటే వణుకు.

"వోద్కా కాకపోతే మరేంటిది?" అని నిలదీసేది బుర్మకాన్.

"ముట్టలేదన్నానా!"

"అయితే దయ్యం పట్టిందా?"

సాయంత్రం అతను ఇంటికి రాగానే దగ్గరికెళ్లి నోరు వాసన చూసేది. ఏ వాసనా వచ్చేది కాదు. ఎంత తెలివిగా దాస్తున్నాడో అనుకునేది.

ఆప్రికాట్ ఆకులు రాలే రోజుల్లో బంధువుల ఇంట పెళ్లి విందు జరిగింది. తొలొముష్ ఒక పెద్దాయనకు టీ అందించబోయాడు. మర్యాద ప్రకారం సగమే పోసిన గిన్నె. అది కూడా నిలవలేదు. వేడి టీ పెద్దాయన ఒళ్లో ఒలికిపోయింది.

"సీసా చేతికిచ్చి చూడండ్రా, ఎంత నిబ్బరంగా పట్టుకుంటాడో!" అన్నారెవరో. అందరూ విరగబడి నవ్వారు. తొలొముష్ ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. బుర్మకాన్‌కు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే గని ఆఫీసుకు అర్జీ పెట్టింది. బళ్లో దస్తూరికి బహుమతులు తెచ్చుకున్న మనిషి. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 'నా భర్త తాగుడుకు బానిసయ్యాడు. మందలించి దారిలో పెట్టగలరు.' వాళ్లు మందలించలేదు, పనిలోంచి తీసేశారు. తొలొముష్ మూట కట్టుకుని, కొండ మీద గొర్రెలు మేపుకునే తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు.

వసంతంలో ఓష్ పట్నం నుంచి సొనున్ అనే డాక్టరమ్మ వచ్చి, కొలిమి పనివాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. బుర్మకాన్ ఇంట్లో తివాచీ అంచు ఎత్తి టార్చి వేసింది. కుట్ల మధ్య ఆవగింజలంత తెల్లటి పాదరసం చుక్కలు మెరిశాయి.

"పని బట్టలు ఎక్కడ ఉతికేవారక్కా?"

"ఇక్కడే. ఆఫీసువాళ్లు ఉతికించడం మానేసి ఆరేళ్లయింది. చలికాలం పొయ్యి పైన తీగకు ఆరేసేదాన్ని."

"ముందు దులిపేవారా?"

"దులపకుండా ఎలా ఉతుకుతాం? కింద పడ్డవి చీపురుతో ఊడ్చేసేదాన్ని."

సొనున్ టార్చి ఆర్పి, తివాచీ అంచు దించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పాదరసం ఊరికే ఉన్నా ఆవిరవుతూనే ఉంటుంది, వేడి తగిలితే ఇంకా ఎక్కువ. దానికి రంగుండదు, వాసనుండదు. ఊపిరితో లోపలికెళ్లి నరాల్ని పట్టుకుంటుంది. చేతులు వణుకుతాయి, ఊరికే కోపమొస్తుంది, నలుగురిలోకి రావాలంటే బెరుకు, రాత్రుళ్లు నిద్రుండదు. చూసేవాళ్లకు తాగుబోతులా కనిపిస్తారు." ఒక కాగితం ముందుకు జరిపింది. "దీని మీద నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుంటూ ఒక గీత గీయండి."

బుర్మకాన్ గీసింది. గీత రంపపు పళ్లలా వచ్చింది.

"నేను తాగనమ్మా!" అంది గాభరాగా.

"తెలుసక్కా."

ఆ వారమే బుర్మకాన్ కొండెక్కింది. తొలొముష్ గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరు తాగలేదు," అంది.

"ఆ సంగతి నాకు తెలుసు. రెండేళ్లు నా నోరు వాసన చూశావు. నీ ముక్కు చెప్పిన నిజం నమ్మలేదు, విందులో ఎవడో కూసింది నమ్మావు."

అయినా అతను దిగివచ్చాడు, జబ్బు పని వల్లే వచ్చిందని గని కమిషన్ ఒప్పుకుంటే వైద్యం చేయిస్తారని డాక్టరమ్మ చెప్పింది కనుక.

కమిషన్ కార్యదర్శి ఫైలు తిరగేసి అర్జీ బయటికి తీశాడు. "తాగుడు వల్లనేనని ఇంట్లోవాళ్లే రాసిచ్చారే!"

"రాసింది నేనే. తెలియక రాశాను."

"వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వండి మరి."

రాసింది. అక్షరాలు ఒకదాని మీదొకటి పడిపోయాయి. అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "దస్తూరి కలవడం లేదమ్మా. సంతకమూ అంతే. దీన్ని తీసుకోవడం కుదరదు."

"మీ కళ్ల ముందే రాశాను కదయ్యా!"

"నేను చూసింది కాదు, ఫైల్లో ఉన్నదే చెల్లుతుంది."

"నా చెయ్యి ఎందుకిలా వణుకుతోందో అడగరేం?"

"మీరు మా పనివాళ్లు కారు గదా," అని ఫైలు మూసేశాడు.

డాక్టరమ్మ రెండు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. ఇల్లు గనిది కనుక ఖాళీ చేయించారు. ఇద్దరూ కొండ మీదికే చేరారు. వేసవి చివర్లో ఆ ఇంటికి కొత్త కొలిమివాడు కాపురం వచ్చాడని విని బుర్మకాన్ కిందికి దిగింది. చంటిపిల్లను చంకనేసుకుని ఆ ఇంటావిడ తలుపు తీసింది.

"మీ ఆయన పని బట్టలు ఇంట్లో పెట్టకమ్మా. ఆ గదిలో నేలంతా..." అని బుర్మకాన్ మొదలుపెట్టింది. ఆవిడ చూపు బుర్మకాన్ చేతుల మీదే ఉంది.

"మీ ఇద్దరి సంగతీ ఆఫీసులో చెప్పారులే," అని తలుపు వేసుకుంది.

ఎవరి కంటా పడకుండా తొలొముష్ దూరంగా వంతెన కింద నిలబడి ఉన్నాడు. బుర్మకాన్ వెళ్లి అతని పక్కన నిలబడింది.